స్టాటిక్ అనాలిసిస్: హెచ్చరిక పుట్టే చోటు, చేరే చోటు

2014 ఫిబ్రవరి 21న ఆపిల్ ఐఓఎస్ 7.0.6ను విడుదల చేసింది. కారణం సీ భాషలో రాసిన ఒక ఫంక్షన్‌లో పొరపాటున పడిన ఒకే ఒక్క అదనపు లైను. సురక్షిత కనెక్షన్ మొదలయ్యేటప్పుడు సర్వర్ పంపిన కీ మీద సంతకం సరైనదో కాదో తేల్చడం ఆ ఫంక్షన్ పని. అందులో వరసగా కొన్ని ఇఫ్‌లు ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక్కో దశను పరీక్షించి, తేడా వస్తే 'గోటూ ఫెయిల్' అంటూ చివరికి దూకుతుంది. ఒక ఇఫ్ కింద ఆ గోటూ లైను రెండుసార్లు పడింది. బ్రేసులు పెట్టలేదు కాబట్టి మొదటి గోటూ మాత్రమే ఇఫ్‌కు చెందుతుంది, రెండోది షరతుతో సంబంధం లేకుండా ప్రతిసారీ నడుస్తుంది. అక్కడికి వచ్చేసరికి ఎర్రర్ వేరియబుల్‌లో సున్నా ఉంటుంది, అంటే 'తప్పేమీ లేదు' అని. ఫంక్షన్ ఆ సున్నానే తిరిగి ఇచ్చేస్తుంది. కిందనున్న అసలైన సంతకం పరీక్షకు ప్రోగ్రామ్ ఎన్నడూ చేరదు. మధ్యలో దూరినవాడు తానే సర్వర్‌నని చెప్పినా ఫోను నమ్మేస్తుంది.

దీన్ని పట్టడానికి గొప్ప పరిశోధనేమీ అక్కర్లేదు. రెండో గోటూ తర్వాతి లైన్లకు ఏ దారిలోనూ చేరలేమని కంపైలర్‌కే తెలుసు. క్లాంగ్ అనే సీ కంపైలర్‌లో అలాంటి కోడ్‌ను చూపే హెచ్చరిక అప్పటికే ఉంది కూడా. కానీ చాలామంది 'అన్ని హెచ్చరికలూ వస్తాయిలే' అనుకుని పెట్టుకునే '-వాల్' ఆప్షన్‌లో అది లేదు, విడిగా అడగాలి. ఇంకో కంపైలర్ జీసీసీ సంగతి ఇంకా వింత: అదే పేరుతో ఆప్షన్ ఇస్తే కాదనదు, అలాగని చేసేదీ ఏమీ లేదు, లోపలి పనిని ఎప్పుడో తీసేశారు. ఇండెంటేషన్ ఒకలా, అసలు అర్థం ఇంకోలా ఉంటే చెప్పే హెచ్చరిక 2016లో జీసీసీ 6తో వచ్చింది. అది మాత్రం -వాల్‌లోనే ఉంది.

స్టాటిక్ అనాలిసిస్ గురించి తెలుసుకోవాల్సింది చాలావరకు ఈ ఒక్క ఉదంతంలోనే కనిపిస్తుంది. టూల్ ఉంది, దానికి చేతనవును, అయినా హెచ్చరిక ఎవరి కంటా పడలేదు.

ఎంత లోతుకు చూస్తే ఏది దొరుకుతుంది

ప్రోగ్రామ్‌ను నడపకుండా, దాని కోడ్‌ను మాత్రమే చదివి తప్పులు వెతకడం స్టాటిక్ అనాలిసిస్. 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ ప్రోగ్రామ్‌ల కోసం రాసిన 'లింట్' ఈ కోవలో బాగా వాడుకలోకి వచ్చిన తొలి టూల్. ఇప్పటికీ ఇలాంటి వాటిని లింటర్లనే అంటున్నారు. అయితే లింటర్, అనలైజర్, స్కానర్ అని రకరకాల పేర్లతో దొరికేవన్నీ ఒకే పని చేయవు. కోడ్‌ను అవి ఏ రూపంలో చూస్తాయన్నదాన్ని బట్టి దొరికే తప్పులు మారిపోతాయి.

పైపైన చూసేవి కోడ్‌ను వ్యాకరణ వృక్షంగా విడదీసి, అందులో అనుమానాస్పదమైన ఆకారాల కోసం వెతుకుతాయి. జావాస్క్రిప్ట్‌కు ఈఎస్‌లింట్, పైథాన్‌కు పైలింట్, రఫ్ చేసేది ఎక్కువగా ఇదే. పైథాన్‌లో ఒక ఫంక్షన్ పారామీటర్‌కు డిఫాల్ట్‌గా ఖాళీ లిస్టు ఇచ్చారనుకోండి. ఆ లిస్టు ఫంక్షన్‌ను నిర్వచించినప్పుడు ఒక్కసారే పుడుతుంది, పిలిచిన ప్రతిసారీ కొత్తది రాదు. మొదటి పిలుపులో అందులో వేసిన విలువ రెండో పిలుపులోనూ కనిపిస్తుంది. టెస్టులు ఫంక్షన్‌ను ఒక్కోసారే పిలిచి ఊరుకుంటే ఈ బగ్ ఎన్నాళ్లైనా దాగి ఉంటుంది. లింటర్‌కు మాత్రం ఇది వృక్షంలో ఒక కొమ్మ ఆకారం, క్షణంలో కనిపెడుతుంది.

టైపులు తెలిస్తే ఇంకొంచెం దొరుకుతుంది. జావాలో రెండు 'ఇంటీజర్' ఆబ్జెక్టులను రెండు సమానపు గుర్తులతో పోలిస్తే విలువలను కాదు, రిఫరెన్సులను (అవి ఒకే ఆబ్జెక్టా అన్నదాన్ని) పోల్చినట్టు. మైనస్ 128 నుంచి 127 దాకా ఉన్న అంకెలకు జావా ముందే ఆబ్జెక్టులు దాచుకుని వాటినే ఇస్తుంది కాబట్టి, ఆ పరిధిలో పోలిక సరిగ్గానే పనిచేసినట్టు కనిపిస్తుంది. టెస్టులో 5, 10 లాంటి చిన్న అంకెలతో పచ్చగా ఉన్నది, అసలు వాడకంలో 127 దాటగానే తప్పుతుంది. స్పాట్‌బగ్స్ దీన్ని పడుతుంది, ఎందుకంటే అది కంపైల్ అయిన బైట్‌కోడ్‌ను చదువుతుంది, అక్కడ టైపులు స్పష్టంగా ఉంటాయి. టైప్‌స్క్రిప్ట్‌లో అవైట్ (ఫలితం కోసం ఆగమనే మాట) మరిచిపోయిన ప్రామిస్‌ను (తర్వాత రాబోయే ఫలితాన్ని) పట్టే నియమం కూడా టైపు సమాచారం లేనిదే నడవదు. అది పెట్టుకుంటే లింటింగ్ నెమ్మదిస్తుంది, అయినా పెట్టుకోదగ్గదే. అవైట్ లేని కాల్‌లో ఎర్రర్ వస్తే, చుట్టూ ఉన్న ట్రై-క్యాచ్ దాన్ని అందుకోలేదు.

ఆ కిందది కంట్రోల్ ఫ్లో. ఫంక్షన్‌లో ఏ లైను తర్వాత ఏది నడవొచ్చో టూల్ ఒక గ్రాఫ్ గీసుకుని, ప్రతి వేరియబుల్ గురించి తనకు తెలిసినదాన్ని ఆ దారుల వెంట మోసుకెళ్తుంది. దీని పనితనం చూడాలంటే 2009లో లైనక్స్ కెర్నల్‌లోని టన్ (వర్చువల్ నెట్‌వర్క్) డ్రైవర్‌లో బయటపడ్డ లోపం మంచి ఉదాహరణ. అక్కడ ఒక ఫంక్షన్ ఒక పాయింటర్‌ను (మెమరీలో ఒక చోటి చిరునామాను) అందుకుంటుంది. మొదట ఆ పాయింటర్ లోపలి ఫీల్డును చదివి ఇంకో వేరియబుల్‌లో పెట్టుకుంటుంది, ఆ తర్వాతే 'పాయింటర్ నల్ (ఖాళీ) అయితే ఎర్రర్ ఇచ్చి వెనక్కి వెళ్లు' అని పరీక్షిస్తుంది. చదివేవాళ్లకు వరస తారుమారైన చిన్న పొరపాటులా కనిపిస్తుంది. కంపైలర్ లెక్క వేరు: 'ముందే దీని లోపలికి చూశారు, కాబట్టి ఇది నల్ అయ్యే వీలే లేదు, ఇక కింది పరీక్ష దండగ' అని ఆ పరీక్షను పూర్తిగా తీసేసింది. సీ ప్రమాణాల ప్రకారం అలా తీసేసే హక్కు దానికి ఉంది. ఫలితంగా నల్ చిరునామా దగ్గర సొంత మెమరీ పెట్టగలిగిన దాడిదారుకు కెర్నల్‌లోకి దారి దొరికింది. ఇలాంటి పరీక్షలను తీసేయవద్దని చెప్పే ఆప్షన్‌తోనే ఆ తర్వాత కెర్నల్‌ను కంపైల్ చేయడం మొదలుపెట్టారు.

ఈ జాతి లోపాలను పట్టే ఆలోచన అంతకు చాలా ముందే ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో డాసన్ ఎంగ్లర్ బృందం 2001లో చూపిన పద్ధతి ఇది: ప్రోగ్రామ్ ఏం చేయాలో టూల్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు, రాసినవాళ్ల నమ్మకాలను కోడ్ నుంచే ఊహించవచ్చు. పాయింటర్ లోపలికి చూశారంటే అది నల్ కాదని నమ్మినట్టు. నల్ అవునో కాదో పరీక్షించారంటే కావచ్చని నమ్మినట్టు. ఒకే దారిలో ఈ రెండు నమ్మకాలూ ఉంటే, ఏదో ఒకటి తప్పు. ఏది తప్పో టూల్‌కు తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. ఆ బృందంలోంచి పుట్టిన కవరిటీ లాంటి టూల్‌లో ఇది ఒక మామూలు నియమం.

ఇంకా లోతుకు వెళ్తే ప్రతి దారినీ విడివిడిగా నడిచి చూసే టూల్స్ ఉంటాయి. ఇక్కడ లెక్క చేయి దాటుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 ఇఫ్‌లు వరసగా ఉంటే దారులు 10,48,576. లూపులు ఉంటే ఇక అంతు ఉండదు. అందుకే క్లాంగ్ స్టాటిక్ అనలైజర్ ఒక దారిలో ఒకే బ్లాక్‌ను డిఫాల్ట్‌గా నాలుగుసార్లకు మించి చూడదు. లూపు పదోసారి తిరిగినప్పుడే బయటపడే బగ్ దానికి దొరకకపోవచ్చు. ఫైళ్లు, ఫంక్షన్ల సరిహద్దులు దాటి చూడాలంటే మరో ఉపాయం కావాలి. ఇన్ఫర్ అనే అనలైజర్ ప్రతి ఫంక్షన్‌కూ ఒక సారాంశం కట్టుకుని, పిలిచిన చోటల్లా కోడ్ బదులు ఆ సారాంశాన్నే వాడుతుంది. కోడ్‌క్యూఎల్ అనే ఇంకో టూల్ కోడ్ మొత్తాన్ని డేటాబేస్‌గా మార్చి, 'బయటి నుంచి వచ్చిన విలువ శుభ్రం కాకుండా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) వాక్యంలోకి చేరుతోందా' లాంటి ప్రశ్నలు అడగనిస్తుంది.

దొరకనివి ఎందుకు దొరకవు

ఎంత డబ్బు పెట్టినా అన్ని బగ్‌లనూ పట్టి, ఒక్కటి కూడా తప్పుగా చెప్పని టూల్ రాదు. ప్రోగ్రామ్ ప్రవర్తనకు సంబంధించిన ఏ ఆసక్తికరమైన ప్రశ్నకైనా, అన్ని ప్రోగ్రామ్‌లకూ సరైన జవాబిచ్చే పద్ధతి ఉండదని హెన్రీ రైస్ 1953లోనే నిరూపించాడు. కాబట్టి ప్రతి టూల్ ఎక్కడో ఒకచోట రాజీ పడుతుంది, ఆ రాజీ ఏమిటన్నదే కొనేముందు అడగాల్సిన ప్రశ్న.

ఒక చివర ఆస్ట్రే ఉంది. పాట్రిక్ కూసో, రాధియా కూసో 1977లో ప్రతిపాదించిన అబ్‌స్ట్రాక్ట్ ఇంటర్‌ప్రిటేషన్ మీద నిర్మించిన ఈ టూల్, తాను చూసే రకం రన్‌టైమ్ తప్పుల్లో దేన్నీ వదలదు. 2003లో ఎయిర్‌బస్ ఏ340 ప్రాథమిక విమాన నియంత్రణ సాఫ్ట్‌వేర్‌ను, దాదాపు 1,32,000 లైన్ల సీ కోడ్‌ను, ఒక్క ఉత్తుత్తి హెచ్చరిక కూడా లేకుండా తేల్చింది. అంత శుభ్రంగా రావడానికి కారణం ఆ కోడ్ తీరు కూడా: డైనమిక్ మెమరీ (నడుస్తుండగా అడిగి తీసుకునేది) లేదు, రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలవడం) లేదు. మామూలు వెబ్ అప్లికేషన్‌ను అలా నిరూపించాలనుకుంటే హెచ్చరికల వరద తప్ప ఏమీ మిగలదు.

ఇంకో చివర బగ్ వేటగాళ్లు: కొన్ని వదిలేస్తాయి, చెప్పినవాటిలో మాత్రం ఎక్కువ నిజమయ్యేలా చూస్తాయి. అవి వదిలేసినవాటిలో పేరుమోసినది 2014 ఏప్రిల్‌లో వెల్లడైన హార్ట్‌బ్లీడ్. సురక్షిత కనెక్షన్ల లైబ్రరీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ప్యాకెట్‌లోంచి 16 బిట్ల పొడవును చదివి, అసలు ప్యాకెట్‌లో అంత డేటా ఉందో లేదో చూడకుండా, అన్ని బైట్లు కాపీ చేసి తిరిగి పంపేది. ఒక్కో అభ్యర్థనకు 64 కేబీ దాకా సర్వర్ మెమరీ బయటికి పోయేది. అప్పటి స్టాటిక్ టూల్స్‌కు ఇది కనిపించకపోవడానికి కారణం, ఆ పొడవు నెట్‌వర్క్ నుంచి వచ్చిందన్న సంగతి పోల్చుకోలేకపోవడం. రీడ్ కాల్‌కూ ఆ లైనుకూ మధ్య ఎన్నో స్ట్రక్చర్లు, ఫంక్షన్ పాయింటర్లు ఉన్నాయి. తర్వాత కవరిటీ ఇంజనీర్లు ఒక తెలివైన అడ్డదారి కనిపెట్టారు: ఎవరైనా ఒక విలువలోని బైట్ల వరసను తిప్పుతున్నారంటే అది నెట్‌వర్క్ నుంచి వచ్చి ఉండాలి, కాబట్టి దాన్ని నమ్మకూడని విలువగా లెక్కించు. గణితం దృష్టిలో దీనికి విలువ లేదు. పనిలో మాత్రం బగ్‌ను పట్టింది.

ఎవరూ చదవని నివేదిక

ఫేస్‌బుక్‌లో ఇన్ఫర్‌ను మొదట రాత్రిపూట మొత్తం కోడ్ మీద నడిపి, దొరికినవాటిని జాబితాగా డెవలపర్లకు అప్పగించారు. సరిదిద్దిన శాతం దాదాపు సున్నా. అదే అనలైజర్‌ను, అవే రకం హెచ్చరికలతో, కోడ్ మార్పు రివ్యూకు వచ్చిన క్షణంలో ఆ మార్పు పక్కనే వ్యాఖ్యగా చూపించారు. అప్పుడు 70 శాతానికి పైగా సరిదిద్దారు. ఆ బృందమే ఈ అనుభవాన్ని 2019లో ప్రచురించింది. టూల్ లోపలి గణితంలో ఎంత మెరుగుదల తెచ్చినా ఇంత తేడా వచ్చేది కాదు. రివ్యూ వేళ రాసినవాళ్ల బుర్రలో ఆ కోడ్ ఇంకా తాజాగా ఉంటుంది, ఎవరికి అప్పగించాలన్న ప్రశ్నే రాదు. ఆరునెలల పాత హెచ్చరిక వస్తే దాన్ని అర్థం చేసుకోవడానికే సగం పూట పోతుంది, తీరా చూస్తే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఉండొచ్చు.

రెండోది ఉత్తుత్తి హెచ్చరికల శాతం. 30 దాటితే జనం టూల్‌నే పట్టించుకోవడం మానేస్తారని కవరిటీ రాసినవాళ్ల అనుభవం. గూగుల్ తన ట్రైకార్డర్ వేదికలో రివ్యూ వేళ కనిపించే విశ్లేషణలకు ఇంకా కఠినంగా 10 శాతం హద్దు పెట్టింది. అక్కడి లెక్కలో ఒక సూక్ష్మం ఉంది: హెచ్చరిక సాంకేతికంగా నిజమైనా డెవలపర్ దాన్ని చూసి ఏమీ చేయకపోతే అదీ ఉత్తుత్తిదే. ఈ నిర్వచనమే సరైనది. 'ఈ పరిస్థితి రావచ్చు' అని నిరూపించి గెలిచే టూల్ కంటే, నోరు మూసుకోవాల్సినచోట మూసుకునే టూల్ ఎక్కువ బగ్‌లు సరిచేయిస్తుంది.

ఉన్న కోడ్‌లో మొదలుపెట్టే తీరు

ఏళ్ల తరబడి పెరిగిన కోడ్ మీద అన్ని నియమాలతో మొదటిసారి నడిపితే వేలల్లో హెచ్చరికలు వస్తాయి. వాటిని చూసి 'ఒక నెల దీనికే కేటాయిద్దాం' అనుకోవడం మామూలుగా జరిగే తప్పు. తెలిసీ తెలియని కోడ్‌లో వందల మార్పులు చేస్తే కొత్త బగ్‌లు పుడతాయి.

దానికన్నా ముందు ఫార్మాటింగ్ గొడవ తెంచుకోవాలి. స్పేసులు, కోట్లు, లైను పొడవు లింటర్ పని కాదు, ఆటోమేటిక్ ఫార్మాటర్ పని. ఒకే కమిట్‌లో మొత్తం ఫార్మాట్ చేసి, ఆ కమిట్‌ను గిట్ బ్లేమ్ (ఏ లైను ఎవరు, ఎప్పుడు మార్చారో చూపేది) వదిలేసే జాబితాలో చేర్చాలి, లేకపోతే ప్రతి లైనూ ఆ రోజే పుట్టినట్టు కనిపిస్తుంది. తర్వాత దాదాపు ఎప్పుడూ నిజమయ్యే పది, ఇరవై నియమాలే ఎంచుకోవాలి: చేరుకోలేని కోడ్, విలువ ఇవ్వని వేరియబుల్ వాడకం, మింగేసిన ఎక్సెప్షన్, మరిచిన అవైట్, స్ట్రింగులు అతికించి కట్టిన ఎస్‌క్యూఎల్. ఇప్పటికే ఉన్నవాటిని బేస్‌లైన్‌గా దాచి, కొత్తగా వచ్చినదానికి మాత్రమే బిల్డ్ ఆపాలి.

బేస్‌లైన్ అనగానే సరిపోదు, అది హెచ్చరికను దేనితో గుర్తుపడుతోందో చూడాలి. లైను నంబరుతో గుర్తుపడితే పైన ఒక ఇంపోర్ట్ చేర్చగానే పాతవన్నీ కొత్తవైపోతాయి. పీహెచ్‌పీ భాష టూల్ పీహెచ్‌పీస్టాన్ లైను నంబర్లు వాడదు. సందేశం, ఫైలు, ఎన్నిసార్లు అన్నవి దాచుకుంటుంది. ఇది గట్టిదే, కానీ ఒక కన్నం ఉంది: అదే ఫైల్లో పాత తప్పొకటి సరిచేసి, అలాంటిదే కొత్తది చేరిస్తే లెక్క సరిపోయి, కొత్తది జారిపోతుంది.

సమయం కూడా బడ్జెట్టే. కమిట్ ముందు నడిచేది రెండు మూడు సెకన్లు మించితే జనం దాన్ని దాటవేసే ఫ్లాగ్ నేర్చుకుంటారు. రివ్యూ దశలో పది నిమిషాల లోపు రావాలి. ఫంక్షన్ల సరిహద్దులు దాటే లోతైన విశ్లేషణ రాత్రికి. టూల్ వెర్షన్‌ను కచ్చితమైన అంకెతో బిగించాలి. వదులుగా ఉంటే కొత్త వెర్షన్ కొత్త నియమాలతో వచ్చి, ఎవరూ కోడ్ ముట్టకపోయినా పొద్దున్నే బిల్డ్ ఎర్రబడుతుంది.

సున్నా హెచ్చరికలు వచ్చినప్పుడు సంతోషించే ముందు అనుమానించాలి. కంపైల్ చేసి చూసే టూల్స్‌లో సగం ఫైళ్లు కంపైల్ కాకపోతే మిగిలిన సగానికే నివేదిక వస్తుంది, కాబట్టి ఎన్ని ఫైళ్లు చూసిందో లాగ్‌లో చదవాలి. పైథాన్ టైప్ చెకర్ మైపై, టైపు సూచనలు అసలే లేని ఫంక్షన్ల లోపలికి డిఫాల్ట్‌గా తొంగి కూడా చూడదు. బయటి లైబ్రరీల టైపులు దొరకలేదన్న ఫిర్యాదును మూయించే సెట్టింగ్ పెడితే, ఆ లైబ్రరీ నుంచి వచ్చిన ప్రతి విలువా 'ఏదైనా కావచ్చు' అయిపోతుంది, దాని మీద ఇక ఏ పరీక్షా జరగదు. సున్నా అన్నది 'తప్పులు లేవు' కావచ్చు, 'చూడలేదు' కావచ్చు. దీనికి మందు, తెలిసిన బగ్‌లు నాలుగైదు కావాలనే రాసిన ఒక చిన్న ఫైలు. బిల్డ్‌లో టూల్‌ను దాని మీద కూడా నడిపి, అవి దొరకకపోతే బిల్డ్ ఆగేలా పెట్టాలి. కాన్ఫిగరేషన్ చెడిన రోజే తెలిసిపోతుంది.

మూయించడం, లెక్కించడం

హెచ్చరికను ఆ లైను వరకు ఆపుకునే వీలు ప్రతి టూల్‌లో ఉంటుంది, ఉండాలి. నియమం పేరు లేకుండా గంపగుత్తగా ఆపడం, కారణం రాయకపోవడం మాత్రం ఒప్పుకోకూడదు. ఇప్పుడు అవసరం లేని మినహాయింపులను పట్టిచ్చే సెట్టింగ్ ఈఎస్‌లింట్, రఫ్, మైపై మూడింటిలోనూ ఉంది, అది మొదటి రోజే ఆన్ చేయదగ్గది.

అర్థం కాకుండా మూయిస్తే ఏమవుతుందో డెబియన్ అనే లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ అనుభవం చెబుతుంది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో విలువ ఇవ్వని మెమరీ వాడుతున్నారని వాల్‌గ్రైండ్ ఫిర్యాదు చేస్తోందని, 2006లో ఆ డిస్ట్రిబ్యూషన్‌లో రెండు లైన్లను కామెంట్ చేశారు. వాల్‌గ్రైండ్ ప్రోగ్రామ్‌ను నడిపి చూసే టూల్, స్టాటిక్ కాదు, కానీ పాఠం రెండింటికీ ఒకటే. ఆ రెండింటిలో ఒక లైను నిజమైన యాదృచ్ఛికతను జనరేటర్‌లోకి కలిపేది. అది పోవడంతో మిగిలిన వైవిధ్యం ప్రాసెస్ నంబరు ఒక్కటే, అంటే గరిష్ఠంగా 32,768 అవకాశాలు. 2008 మేలో బయటపడేదాకా ఆ యంత్రాల్లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌తో పుట్టిన కీలన్నీ ఊహించగలిగినవే. హెచ్చరిక మాయమైంది, టూల్ దృష్టిలో కోడ్ మెరుగైంది.

ఇలాంటి టూల్స్ ఇచ్చే అంకెలతో ఇంకో ఇబ్బంది. థామస్ మెకేబ్ 1976లో ప్రతిపాదించిన సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ ఒక ఫంక్షన్‌లో స్వతంత్రమైన దారులెన్నో లెక్కిస్తుంది, ఆయన సూచించిన హద్దు 10. నలభై కేసులున్న చదును స్విచ్‌కు నలభై దాటిన అంకె వస్తుంది, చదవడం మాత్రం ఒక పట్టికను చదివినంత తేలిక. నాలుగు లోతుల్లో ఒకదానిలో ఒకటి దూర్చిన ఇఫ్‌లకు 5 వస్తుంది, చదివితే తల తిరుగుతుంది. లోతుకు అదనపు శిక్ష వేసే కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ కొంత నయం, సోనార్‌క్యూబ్ అనే టూల్ దానికి సాధారణంగా 15 హద్దు పెడుతుంది. రెండూ రివ్యూలో 'దీన్ని ఒకసారి చూడండి' అనడానికి పనికొస్తాయి. బిల్డ్ ఆపే హద్దుగా పెడితే, అంకె తగ్గించడం కోసమే ఒక ఫంక్షన్‌ను అర్థంలేని మూడు ముక్కలు చేస్తారు, వాటి మధ్య ఏడేసి పారామీటర్లు తిరుగుతుంటాయి.

పన్ను శాతం తప్పుగా వేసినా, రద్దైన ఆర్డర్‌కు డబ్బు రెండుసార్లు వెనక్కి పంపినా ఏ టూల్‌కూ తెలియదు, ఎందుకంటే ఏది సరైనదో కోడ్‌లో ఎక్కడా రాసి ఉండదు. కానీ అలాంటి బగ్ బయటపడ్డాక దాని వెనక తరచూ ఒక ఆకారం కనిపిస్తుంది: డబ్బు వెనక్కి పంపే ఫంక్షన్‌ను పునరావృతాన్ని ఆపే కీ లేకుండా పిలవడం, డబ్బును ఫ్లోట్‌లో (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే టైపులో) దాచడం. కోడ్‌లో ఆకారాలు వెతికే టూల్ సెమ్‌గ్రెప్‌లో అలాంటి ఆకారానికి సొంత నియమం పది, పదిహేను లైన్లలో రాయొచ్చు. రాసి ముందు పాత కోడ్ మొత్తం మీద నడపాలి. అసలు బగ్ ఉన్న పాత కమిట్‌లో అది దొరకకపోతే నియమం తప్పు. దొరికి, దానితోపాటు వందల చోట్ల మోగితే ఆకారం మరీ వదులుగా ఉన్నట్టు. ఆ బగ్‌తోపాటు ఇంకో రెండు మూడు చోట్ల, అవీ నిజంగానే తప్పైనచోట, మోగితే దాన్ని రివ్యూలోకి పంపొచ్చు.